వెనక పలక ఎంత పలుకుతుంది?

గిటారు చేయించుకోవాలని వచ్చిన వాద్యకారుడికీ, దాన్ని చేసే పనివాడికీ మధ్య మాటలు మొదలైతే అవి త్వరగానే కర్ర మీదికి మళ్లుతాయి. వెనక పలకకు రోజ్‌వుడ్ వేస్తే మంద్రం నిండుగా, లోతుగా ఉంటుందంటారు. మహాగనీ అయితే నాదం పొడిగా, సూటిగా వస్తుందంటారు. మేపుల్‌కు మెరుపు ఎక్కువ, మోత తక్కువ అంటారు. ఈ మాటలు వర్క్‌షాపుల్లో, దుకాణాల్లో, కచేరీ వేదికల వెనక గదుల్లో తరాలుగా చేతులు మారుతూ వచ్చాయి. ఖరీదైన గిటారు ధరలో చెప్పుకోదగ్గ భాగం వీటిని నమ్ముకునే ఉంది. ఇన్నాళ్లుగా, ఇన్ని చెవులు, ఇంత శ్రద్ధగా విని చెప్పిన మాటల్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తగదు. అయితే విన్నది వేరు, విన్నదానికి చెప్పే కారణం వేరు. రెండు గిటార్లు వేర్వేరుగా పలికాయన్నది చెవి ఇచ్చే సాక్ష్యం. అలా పలకడానికి వెనక పలక ఏ చెట్టుదన్నదే కారణమనడం ఊహ. సాక్ష్యాన్ని గౌరవించాలి, ఊహను పరీక్షించాలి. రెంటినీ ఒకటిగా కలిపేయడం వల్ల వాద్యకారులూ, తయారీదారులూ, వాళ్లతోపాటు అడవులూ నష్టపోయాయన్నది నా వాదన.

ముందు శబ్దం ఎక్కడ పుడుతుందో చూడాలి. ఉక్కుతీగ చాలా సన్నది. అది ఎంత ఊగినా చుట్టూ ఉన్న గాలి దాని పక్కనుంచి జారిపోతుంది తప్ప పెద్దగా కదలదు. గిటారు మీద ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బరువుకు సమానమైన బలంతో బిగిసి ఉంటాయి. తీగ ఊగినప్పుడు బ్రిడ్జి కదులుతుంది, బ్రిడ్జి తన కింద అతికి ఉన్న పై పలకను కదిలిస్తుంది. సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉండే ఆ పలకే గాలిని తోసి, మనం వినే నాదాన్ని పుట్టిస్తుంది. దానికి తోడు పెట్టెలోపలి గాలి గుండ్రటి రంధ్రం గుండా లోపలికీ బయటికీ ఊపిరి తీసినట్టు కదులుతుంది. చాలా గిటార్లలో ఈ గాలి అనునాదం 100 హెర్ట్జ్ దగ్గర, పై పలక తొలి అనునాదం 200 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. అన్నిటికన్నా లావు తీగ వదిలి మీటితే వచ్చే స్వరం 82 హెర్ట్జ్, దాని పై తీగది 110. మంద్రం నిండుగా ఉందా, బోలుగా ఉందా అన్నది ఎక్కువగా ఈ రెండు అనునాదాలు ఎక్కడ పడ్డాయన్నదాని మీద ఆధారపడుతుంది. మరి వెనక పలక? దానికి తీగలతో నేరుగా సంబంధం లేదు. పై పలక కదలిక దాన్ని చేరాలంటే లోపలి గాలి గుండానో, పక్క చెక్కల గుండానో పోవాలి. దాని సొంత అనునాదం కూడా 200 హెర్ట్జ్ దాటాక ఎక్కడో ఉంటుంది కాబట్టి ఆ ఇరుకు ప్రాంతంలో దాని పాత్ర కొంత కనిపిస్తుంది. అంతకు మించి పైకి పోయేకొద్దీ బయటికి వచ్చే శబ్దంలో అత్యధిక భాగం పై పలకదే. పైగా వాయించేటప్పుడు వెనక పలక వాద్యకారుడి ఛాతీకో పొట్టకో ఆనుకుని ఉంటుంది. మనిషి శరీరం కంపనాన్ని మింగేయడంలో ఏ కర్రకన్నా ముందుంటుంది.

పై పలకకు స్ప్రూస్ వాడడంలో మాత్రం గట్టి అర్థం ఉంది. స్ప్రూస్ అదే ఘనపరిమాణం గల నీటిలో సగం కూడా తూగదు, అయినా పోగు వెంబడి బిగువుగా నిలుస్తుంది. బరువైన పలకను తీగ కదిలించలేదు, మెత్తని పలక తీగల లాగుడుకు కుంగిపోతుంది. తేలికగానూ గట్టిగానూ ఉండడమనే ఈ అరుదైన కలయికే పై పలకకు కావలసింది. రోజ్‌వుడ్ సాంద్రత దానికి దాదాపు రెండింతలు. ఇక్కడ ఇంకో లెక్క గమనించాలి. పలక వంగకుండా నిలిచే బిగువు దాని మందానికి ఘనంగా మారుతుంది. 3 మిల్లీమీటర్ల పలకను చిత్రిక పట్టి 2.7కు దించితే తగ్గింది పదో వంతు మందమే అయినా బిగువులో నాలుగో వంతుకు పైగా పోతుంది. లోపల అతికించే సన్నని పట్టీల ఎత్తు విషయంలోనూ ఇదే సూత్రం. అంటే తయారీదారు ఉలితో తీసిన ఒక్క పొర గిటారు గొంతును మార్చగలదు. వాద్యకారుడు విన్న తేడాల్లో చాలావాటికి కారణం అక్కడే ఉంది. విచిత్రమేమంటే గిటారు కొనేటప్పుడు జరిగే సంభాషణలో ఆ పొర గురించి ఎవరూ మాట్లాడరు. అది కంటికి కనిపించదు, దానికి పేరు లేదు, ధరల పట్టికలో దానికో గడి లేదు. రోజ్‌వుడ్ మాత్రం నల్లని చారలతో ఎదురుగా మెరుస్తూ ఉంటుంది.

అయితే ఇంత నిజాయితీ గల పనివాళ్లు వెనక పలక గురించి అంత గట్టిగా ఎందుకు నమ్మారు? వాళ్లకు కళ్లెదుట, చెవులెదుట సాక్ష్యం ఉంది కాబట్టి. తయారీదారు పలకను రెండు వేళ్లతో సరైన చోట పట్టుకుని, రెండో చేతి కణుపుతో తట్టి వింటాడు. మంచి రోజ్‌వుడ్ పలక ఖంగుమంటుంది, ఆ మోత చాలాసేపు నిలుస్తుంది. మహాగనీ మోత త్వరగా ఆగిపోతుంది. ఇది భ్రమ కాదు, పరికరాలతో కొలిచి చూపగలిగిన తేడా. రోజ్‌వుడ్ లోపలి ఘర్షణ తక్కువ, అందువల్ల కంపనం నెమ్మదిగా తరుగుతుంది. తప్పంతా తర్వాతి అడుగులో ఉంది. గాలిలో స్వేచ్ఛగా వేలాడుతున్న పలక ఒక వస్తువు. చుట్టూ జిగురుతో బిగించి, వెనక పట్టీలు అతికించి, గాలిపెట్టెకు మూత చేసి, మనిషి ఒంటికి ఆనించిన పలక పూర్తిగా మరో వస్తువు. ఆ స్థితిలో దాని కంపనాన్ని అణిచే దారులు ఎన్నో తెరుచుకుంటాయి. వాటి ముందు కర్ర లోపలి ఘర్షణ చిన్న లెక్క అయిపోతుంది. అంటే పనివాడు తట్టి విన్నది నిజమే, అది గిటారులోకి కూడా అలాగే ప్రయాణం చేసిందనుకోవడమే పొరపాటు.

ఇంతవరకు చెప్పింది సిద్ధాంతం. ఇలాంటి విషయాల్లో సిద్ధాంతం ఒక్కటే చాలదు, ఎందుకంటే భౌతికశాస్త్రం చిన్నదని చెప్పిన తేడాను కూడా శిక్షణ పొందిన చెవి పట్టగలదు. అందుకే 2018లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనానికి అంత ప్రాధాన్యం. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్యూలే కార్కాన్యో, క్రిస్టఫర్ ప్లాక్, కేంబ్రిడ్జికి చెందిన జిమ్ వుడ్‌హౌస్, వాద్యాల శ్రవణ పరీక్షల్లో పేరుపొందిన క్లాడియా ఫ్రిట్జ్ దానిలో పాల్గొన్నారు. వాళ్లతో సమానంగా రచయితల పేర్లలో ఫైల్డ్ గిటార్లు చేసే రోజర్ బక్‌నాల్ పేరు కూడా ఉంది. ఆయన ఒకే నమూనాలో, ఒకే రకం సామగ్రితో ఆరు ఉక్కుతీగల గిటార్లు చేశారు. తేడా ఒక్క వెనక, పక్క పలకల్లోనే. బ్రెజిల్ రోజ్‌వుడ్, భారతీయ రోజ్‌వుడ్ లాంటి ఖరీదైన జాతుల దగ్గరనుంచి సపేలీ లాంటి చవక కర్ర దాకా ఆరు రకాలు వాడారు. 52 మంది గిటారిస్టులు మసక వెలుతురు గదిలో, వెల్డింగ్ పనివాళ్ల కళ్లద్దాలు పెట్టుకుని వాటిని వాయించి మార్కులు వేశారు. ఆరింటికీ దాదాపు ఒకే మార్కులు వచ్చాయి. ఆ తర్వాత 31 మందికి మరో పరీక్ష పెట్టారు. ముందు ఒక గిటారు, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత ఆ రెంటిలోనే ఒకటి ఇచ్చి, ఇది మొదటిదా రెండోదా చెప్పమన్నారు. శబ్దంతో గానీ, చేతిలో ఉన్న స్పర్శతో గానీ వాళ్లు తేలిగ్గా గుర్తుపట్టలేకపోయారు. బ్రిడ్జి దగ్గర కంపనాన్ని కొలిచి చూస్తే గిటార్ల మధ్య చిన్న తేడాలు ఉన్నాయి. కానీ అవి చాలావరకు ఒక పలకకూ ఇంకో పలకకూ సహజంగా ఉండే తేడాలే తప్ప, జాతి వల్ల వచ్చినవని చెప్పడానికి వీల్లేదు.

దీని మీద వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. చీకటి గదిలో, ముఖాన ఇనపముక్క లాంటి అద్దాలతో, పరాయి గిటారును కాసేపు వాయించి చెప్పే తీర్పు ఏళ్ల పరిచయంతో చెప్పే తీర్పుకు సాటి వస్తుందా? రాదు. వాద్యాన్ని నెలల తరబడి వాయిస్తేనే బయటపడే గుణాలు ఉంటాయని వాద్యకారులు చెప్పేది నిజం కావచ్చు. కానీ మన ముందున్న ప్రశ్న అది కాదు. రోజ్‌వుడ్‌కూ మహాగనీకీ మధ్య తేడా మొదటి తీగ మీటగానే తెలిసిపోతుందన్నది దుకాణాల్లో వినిపించే వాదం. అంత స్పష్టమైన తేడా కళ్లు కప్పగానే మాయమైతే, అది అంతకుముందు చెవికి కాక కంటికి దొరికిందని ఒప్పుకోక తప్పదు. ఒక శబ్దపు సూక్ష్మతను జ్ఞాపకం చెదరకుండా పట్టి ఉంచేది కొద్ది క్షణాలే. ఒక గిటారు కింద పెట్టి ఇంకోటి చేతిలోకి తీసుకునేలోగా ఆ జ్ఞాపకం మసకబారుతుంది. మిగిలిన ఖాళీని పేరూ, ధరా, ముందే విన్న మాటా నింపుతాయి. ఇది వాద్యకారుడి లోపం కాదు. అందరి మెదళ్లూ ఇలాగే పనిచేస్తాయి.

రెండో అభ్యంతరం నాకు మరింత ఆసక్తికరంగా తోస్తుంది. నేర్పుగల తయారీదారు ఒక్కో కర్ర స్వభావాన్ని బట్టి మందం సరిచేస్తాడు, అందువల్ల తేడాలు చెరిగిపోతాయి, మామూలు కర్మాగారపు గిటార్లలో అవి మిగిలే ఉంటాయని కొందరంటారు. బక్‌నాల్ పరీక్షలో గిటార్ల నమూనా, కొలతలు ఒకేలా ఉంచడమే లక్ష్యం కాబట్టి ఈ అభ్యంతరం దానికి నేరుగా తగలదు. అయినా కాసేపు నిజమే అనుకుందాం. అప్పుడు తేలేదేమిటి? మంచి గిటారు రావడానికి కర్ర జాతికన్నా చేసేవాడి చెయ్యి ముఖ్యమని. నా వాదన కూడా అదే. కళ్లు కప్పి చేసే పరీక్షలను తయారీదారులు తమ మీద దాడిగా చూడడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ పరీక్షలు చెట్టుకు ఇస్తున్న ఘనతను తీసి పనివాడి చేతుల్లో పెడుతున్నాయి. అయితే ఒక హద్దు ఉంది. ఇక్కడ పరీక్షించింది ఉక్కుతీగల గిటార్లను. వెనక పలకను కావాలనే పల్చగా చేసి దాన్ని కూడా పలికించే క్లాసికల్ గిటార్లున్నాయి. వాటిలో వెనక పలక పాత్ర పెద్దదే కావచ్చు. అక్కడ కూడా ముందు చూడాల్సింది ఆ పలక ఎంత మందం, ఎంత బరువు, ఎంత బిగువు అన్నది. దాని ఊరూ పేరూ ఆ తర్వాత.

వయొలిన్ లోకంలో ఈ వివాదం ఇంకా తీవ్రంగా నడిచింది, అక్కడినుంచి నేర్చుకోవలసినదీ ఎక్కువ ఉంది. 2010లో ఇండియానాపోలిస్‌లో క్లాడియా ఫ్రిట్జ్, అమెరికన్ వయొలిన్ తయారీదారు జోసెఫ్ కర్టిన్ కలిసి 21 మంది వాద్యకారులకు ఆరు వయొలిన్లు ఇచ్చారు. మూడు కొత్తవి, రెండు స్ట్రాడివారివి, ఒకటి గ్వార్నేరి చేసింది. కళ్లు కప్పి వాయించిన వాళ్లు పాతవాటిని మెచ్చుకోలేదు సరికదా, పాతదేదో కొత్తదేదో గుర్తించలేకపోయారు. విమర్శ వెల్లువెత్తింది. హోటల్ గదిలో వాయిస్తే స్ట్రాడివారి గొప్పతనం ఏం తెలుస్తుంది, అది పెద్ద హాలులో తెలియాలి కదా అన్నారు. పరిశోధకులు ఆ మాటను తోసిపుచ్చలేదు. 2012లో పారిస్ దగ్గర వాన్సెన్‌లో ఆరు పాత, ఆరు కొత్త వయొలిన్లతో, పదిమంది సోలో వాద్యకారులతో మళ్లీ చేశారు. 75 నిమిషాల చొప్పున రెండు విడతలు, ఒకటి సాధన గదిలో, రెండోది 300 మంది కూర్చునే హాలులో. తమ సొంత వయొలిన్‌కు బదులు పర్యటనకు తీసుకుపోవడానికి ఒకటి ఎంచుకోమంటే ఆరుగురు కొత్తదాన్నే ఎంచుకున్నారు. హాలు చివరిదాకా పాత వయొలిన్లే బాగా వినిపిస్తాయన్న మాటను శ్రోతలతో పరీక్షించి, అదీ నిలవలేదని 2017లో ప్రకటించారు. వాద్యకారుల అభ్యంతరం ఇక్కడ అడ్డంకి కాలేదు, తర్వాతి పరీక్షకు నమూనా అయింది. ఈ వృత్తిలో సంభాషణ ఎలా సాగాలో చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఈ అనుమానం కొత్తదేమీ కాదు. ఈనాటి క్లాసికల్ గిటారుకు రూపం ఇచ్చిన స్పెయిన్ తయారీదారు అంతోనియో దె తోర్రెస్ 1862లో వెనక, పక్క పలకలను అట్టతో చేసి, పై పలక మాత్రం స్ప్రూస్‌తో పెట్టి ఒక గిటారు తయారుచేశాడు. నాదానికి మూలం పై పలకేనని చూపడానికి చేసిన ఆ వాద్యం బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. 1995లో అమెరికాలో బాబ్ టేలర్ సరుకులు మోసే పాత చెక్క పలెట్ నుంచి తీసిన ఓక్‌తో గిటారు చేసి అదే మాటను మరోసారి వినిపించాడు. మధ్యలో జరిగిన కథ మార్కెట్‌ది. బ్రెజిల్ నుంచి దుంగలు రావడం కష్టమయ్యాక మార్టిన్ కంపెనీ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. అప్పటినుంచి 1969కి ముందు చేసిన గిటార్ల ధర ఆకాశానికి ఎగబాకింది, వాటి నాదం గురించిన పొగడ్తలూ దాంతోపాటే పెరిగాయి. ఎలక్ట్రిక్ గిటారు విషయంలో కర్ర గురించిన వాదానికి ఇంకా తక్కువ ఆధారం ఉంది. దాని పికప్ అయస్కాంతంతో పనిచేస్తుంది కాబట్టి ఉక్కుతీగ కదలికనే పసిగడుతుంది. 1930ల తొలినాళ్లలో వచ్చిన రికెన్‌బ్యాకర్ గిటారు ఒళ్లంతా పోత పోసిన అల్యూమినియమే. బ్రయన్ మే జీవితమంతా వాయించిన గిటారు మెడ ఒక పాత పొయ్యి చట్రపు కర్ర.

అయితే వాద్యకారుల మాటలన్నీ పరీక్ష ముందు ఓడిపోతాయని ఎవరైనా అనుకుంటే అది కూడా అంతే పెద్ద పొరపాటు. విశాఖపట్నంలో బాల్యం గడిపి, కలకత్తాలో వాద్యాల మీద పరిశోధనలు సాగించిన సి.వి.రామన్ 1921లో వీణ, తంబురాల గురించి ఒక చిన్న వ్యాసం రాశారు. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, అక్కడ నిశ్చలంగా ఉండే అనుస్వరాలు నాదంలో వినపడకూడదని యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల నియమం. వీణ మీద అవి గట్టిగా వినిపిస్తాయని రామన్ చూపించారు. కారణం బ్రిడ్జి. వయొలిన్ బ్రిడ్జిలా అది పదునైన అంచు కాదు, కొద్దిగా వంపు తిరిగిన వెడల్పాటి లోహపు పట్టీ. తీగ ఊగినప్పుడల్లా ఆ వంపును రాసుకుంటూ, తాకే చోటును మార్చుకుంటూ పోతుంది. తంబురాలో తీగ కింద దూర్చే నూలుపోగు చేసే పని కూడా ఇలాంటిదే. ఆ నూలుపోగును వెంట్రుకవాసి జరిపి నాదంలో జీవం తెచ్చే విద్య ఆ వ్యాసం కన్నా ఎంతో పాతది. శాస్త్రం దాన్ని కనిపెట్టలేదు, దానికి కారణం మాత్రం చెప్పింది. ఎలక్ట్రిక్ గిటారు పరికరాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. 1966 నుంచి వచ్చిన ఫజ్ ఫేస్ పెడల్‌లో మొదట జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వాడేవారు. వేదిక వేడెక్కాక దాని గొంతు మారిపోయిందని గిటారిస్టులు చెప్పిన మాట అక్షరాలా నిజం. వేడి పెరిగేకొద్దీ జెర్మేనియంలో లీకేజీ కరెంటు పెరిగి, సర్క్యూట్ పనిచేసే స్థితే జరిగిపోతుంది. వీణ బ్రిడ్జి, తంబురా నూలు, ఫజ్ పెడల్ మూడింటిలోనూ ఒక సమానాంశం ఉంది. వాద్యకారుడు ఒకే వాద్యం మీద, కూర్చున్న చోటనే, ఒక్క దాన్ని మార్చి వెంటనే విన్నాడు. వెనక పలక విషయంలో ఆ అవకాశం ఎవరికీ లేదు. దాన్ని మార్చాలంటే మరో గిటారే చేయాలి, అప్పుడు పై పలకా మారుతుంది, పట్టీలూ మారతాయి, తీగలూ మారతాయి. చెవి ఎక్కడ నమ్మదగిందో, ఎక్కడ కాదో చెప్పే గీత ఇదేనని నా అభిప్రాయం.

ఈ గీత ఎక్కడ పడుతుందన్నది పండితుల కాలక్షేపం కాదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ ఎంతగా నరుకుడుకు గురైందంటే 1992లో దాన్ని అంతరించే జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన జాబితాలో చేర్చారు. 2017 జనవరి 2 నుంచి, మన అడవుల్లోని ఇరుగుడు చెట్టుతో సహా, ఆ ప్రజాతిలోని మిగతా రోజ్‌వుడ్‌లన్నీ రెండో జాబితాలోకి వచ్చాయి. సంగీతకారులు తమ వాద్యాలతో సరిహద్దులు దాటడమే కష్టమవడంతో, పూర్తయిన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు. రోజ్‌వుడ్ నరికివేతకు ప్రధాన కారణం గిటార్లు కావు, ఫర్నిచర్. ఆ న్యాయం గిటారు తయారీదారులకు దక్కాల్సిందే. అయినా వాళ్ల ఎంపికకు తన వంతు బరువు ఉంది. కర్రను మార్చితే నాదం పోతుందన్న భయం ఆధారం లేనిదని తేలితే, స్థానికంగా పెరిగే, మళ్లీ నాటగలిగిన చెట్లతో గొప్ప గిటార్లు చేసే పనివాడు కొనేవాడికి సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని ఉండదు.

ఇదే ప్రశ్న బొబ్బిలి వీణ ముందు కూడా పెట్టవచ్చు, పెట్టాలి కూడా. గొల్లపల్లి పనివాళ్లు ఒకే పనసదుంగను తొలిచి కుండ, దండి కలిపి ఏకాండి వీణ చేస్తారు. అతుకులు లేని వీణలో నాదం చెదరదని వాద్యకారులూ నమ్ముతారు. గిటారు ఫలితాన్ని తెచ్చి దీనిమీద అతికించడం అన్యాయం. గిటారులో పై పలక స్ప్రూస్, వెనకది వేరే కర్ర కాబట్టి రెంటి పాత్రలను విడదీయగలిగాం. వీణలో కుండ మందంగా తొలిచిన గిన్నె, దాని పై పలక కూడా సాధారణంగా పనసకర్రే, మెట్లు మైనంలో కూర్చిన దండి వాద్యం పొడవునా సాగుతుంది. అతుకు ఆ దండిలో కంపనాన్ని ఎంత మింగుతుందో, ఆ తేడా శ్రోతకు చేరుతుందో లేదో ప్రత్యేకంగా చూడాల్సిందే. దానికి కావలసిన పరీక్షను ఊహించడం కష్టం కాదు. ఒకే చేతి పనితనంతో, ఒకే దుంగనుంచి తీసిన పై పలకలతో కొన్ని ఏకాండి వీణలు, కొన్ని అతుకు వీణలు చేయించాలి. అన్నిటికీ ఒకే బ్రిడ్జి పట్టీ, ఒకే తీగలు, ఒకే శ్రుతి. వాయించేవారికి కళ్లకు గంతలు, వినేవారికి మధ్యన తెర. పరీక్ష ఎలా జరగాలో నిర్ణయించే బల్ల దగ్గర మొదటి కుర్చీ వీణ చేసే పనివాడిది కావాలి.